పప్పు ఉడకని నీళ్లు

"మేడమ్ ఆ మొక్కల్ని ముద్దు చేసి చంపేశారు" అని మా కాలేజీ స్టాఫ్‌రూంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్తగా ట్రాన్స్‌ఫరై వచ్చినవాళ్లకి టీతో పాటు ఈ కథ కూడా అందిస్తారు. మా ప్రిన్సిపాల్ గారి నోట అయితే నేను ఆ మొక్కలకి పూటపూటా నీళ్లు పట్టి, ఎండ తగలకుండా కొంగు కప్పి, చివరికి చేతులారా పాతిపెట్టిన పిచ్చితల్లిని. వినేవాళ్లు నవ్వుతారు. నేను గదిలోకి వస్తే నవ్వు ఆపేస్తారు, అంతే తేడా.

ఆ కథలో రెండు తప్పులున్నాయి. ఒకటి, నేను దేన్నీ ముద్దు చేసే రకం కాదు. ఇరవై ఏళ్లుగా నా దగ్గర బోటనీ చదివిన ఏ పిల్లనడిగినా ఆ మాటే చెబుతుంది. రెండోది, చచ్చినవి రెండు విడతల మొక్కలు. మొదటి విడతని నేనే చంపాను, ఒప్పుకుంటాను. రెండో విడత తన చావు తాను చచ్చింది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేవాళ్లకి బోటనీ రాకపోతే పోనీ, న్యాయం కూడా రాదు.

మాది అనంతగిరి నుంచి అరకు వెళ్లే దారిలో, రోడ్డుకి కాస్త ఎగువనున్న ఊరు. నేను విజయనగరం వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయినదాన్ని. ఊరికి అవతలి కొండవాలులో ఒక గిరిజన రైతు ఉంది, నాకంటే పదేళ్లు పెద్ద. అక్కని పిలిచినట్టు అప్పా అని పిలుస్తాను. రాజ్‌మా, పసుపు, మొక్కజొన్న పొత్తులు, ఏవైనా ఆమె దగ్గరే కొంటాను. పోయినేడాది వానలు తగ్గుముఖం పట్టాక ఒక ఆదివారం పొత్తుల కోసం వెళ్లి, ఆమె వరి మడికీ ఆవులు మేసే గరువు మెట్టకీ మధ్య ఎప్పుడూ నీరు ఊరే జాగాలో కాలు జారి కూలబడ్డాను. చేతికింద ఏదో జిగటగా తగిలింది. చూస్తే రూపాయి బిళ్లంత మొక్కలు, నేలకి అతుక్కుని, ఎర్రగా. ఆకు నిండా వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసనా ఒక బొట్టు. ఒక ఆకు మీద దోమ ఇంకా కాలు తన్నుకుంటోంది.

"ఏటి మేడమ్మా, పడ్డోరు లేవరేటి?" అని గట్టు మీంచి అరిచింది అప్ప.

"ఉండప్పా. దొరికింది."

"ఏటి దొరికినాది? ఉంగరం పారేసుకున్నారేటి?"

డ్రోసెరా. ఇంగ్లీషు వాడుకలో సన్‌డ్యూ. మా ఇంటర్ పాఠంలో దానికి రెండు లైన్లు: నత్రజని తక్కువగా ఉన్న నేలల్లో పెరుగును, కీటకాలను పట్టి ఆ లోటు తీర్చుకొనును. ఒక మార్కు ప్రశ్న. ఆ రెండు లైన్లనీ ఇరవై ఏళ్లు వల్లె వేయించాను. మొక్కని మాత్రం అదే చూడటం. ఆ సిగ్గు వల్లనో ఏమో, తడిసిన చీరతోనే అక్కడ గంటసేపు కూర్చున్నాను. అప్ప పొత్తులు ఒలిచి సంచిలో వేసి తెచ్చి నా పక్కన పెట్టింది.

"ఆ జిగురు గడ్డి కోసమా? ఆవులు కూడా ముట్టవు. కోతలయిపోతే ఇదంతా సదునైపోద్ది లెండి. జేసీబీ మాటాడినాను."

"చదునా? ఎందుకు?"

"టెంట్లేసుకోడానికి వచ్చినోల్లు కార్లెక్కడ పెట్టుకుంటారు? రోడ్డుమీదా? పక్కూరోల్లు అప్పుడే పెట్టేసినారు బోర్డులు."

ఇలాంటి మొక్కలు అన్ని చోట్లా ఉండవన్నాను. నీరు ఊరే నేల పాడుచేయకూడదన్నాను. క్లాసులో చెప్పినట్టు వేలు కూడా ఎత్తి ఉంటాను. ఆమె ఓపిగ్గా విని, నడుం మీద చెయ్యి పెట్టి, ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"మీ ఇంటికాడ వీటిని పెంచగల్రా?"

"పెంచగలను."

"పెంచగలిగితే ఇంక నా బూమేల? పెంచనేకపోతే, ఇంత సదివినోరి సేతిలో బతకనిదాన్ని నానేల బతికించాల?"

నేను వాదనలో ఓడటం అరుదు. ఓడితే మాట్లాడను, పని మొదలుపెడతాను. ఆమె ఇచ్చిన చేటలోకి మట్టితో సహా పదిహేను మొక్కలు పెళ్లగించి ఇంటికి తెచ్చుకున్నాను. కోతలకి రెండు నెలలుంది. ఆలోగా ఇవి నా దగ్గర పూసి గింజ కట్టాలి. కట్టకపోతే ఆ వాలులో వీటి కథ అంతటితో సరి.

మట్టి విషయంలో నేను తప్పు చేయలేదు. చూడవచ్చిన ప్రతివాడూ ఒక సలహా పారేశాడు: కాఫీ తోటల్లోని నల్ల ఎరువు వెయ్యండి, ఘనజీవామృతం చిటికెడు చల్లండి, వేపపిండి కలపండి. మా ఏజెన్సీలో ఇప్పుడు ఎవరింటికెళ్లినా గుమ్మం పక్కన ఆవు పేడ, బెల్లం కలిపిన డ్రమ్ము ఒకటి పులుస్తూ ఉంటుంది. ఆ చెంబుడు ద్రవం దేన్నైనా బతికిస్తుందని వాళ్ల నమ్మకం. ఈ మొక్కకి బలమైన నేల విషం, ఆకలితో ఉంటేనే ఇది బతుకుతుంది అని ఎంత చెప్పినా నన్ను పిసినారిదాన్ని చూసినట్టు చూశారు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అక్కడి గులకమట్టే, అక్కడి ఇసుకే వేశాను. కింద పళ్లెంలో ఎప్పుడూ వేలి మందం నీళ్లు నిలబెట్టాను. వాటి పాదాలు తడిలో ఉండాలి కదా.

ఆ నీళ్ల దగ్గరే నేను మునిగాను.

మా ఊరికి నీళ్లు గుహలున్న కొండ మీంచి పైపులో వస్తాయి. మోటారు లేదు, ట్యాంకరు లేదు, కొండలో ఊట, దాని వాలు మీద దిగి వచ్చే పైపు. ఆ నీళ్ల గురించి నాకున్న గర్వం ఇంతా అంతా కాదు. అంతకు ముందేడు మా ప్రిన్సిపాల్ గారు కాలేజీలో ఆర్వో మిషను పెట్టించాలని మీటింగు పెడితే, లేచి నిలబడి అరగంట వాదించింది నేనే. "కొండ కడుపులోంచి వచ్చే నీళ్లకి ఫిల్టరేమిటి సార్? మైదానం అలవాట్లు ఇక్కడికి తెస్తారా?" అన్నాను. నేనూ మైదానం నుంచి వచ్చినదాన్నే అని ఎవరూ గుర్తుచేయలేదు, భయంతో. మిషను రాలేదు.

అందుకే నా మొక్కలకి రోజూ ఆ ఊట నీళ్లే. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు.

మూడో వారానికి బొట్లు మాయమయ్యాయి. జిగురు లేదు, ఎరుపు లేదు. ఆకులు పాలిపోయి, అంచులు గోధుమరంగుకి తిరిగాయి. నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. పరీక్ష పేపర్లు దిద్దుతూ మధ్యలో లేచి వరండాలోకి వెళ్లేదాన్ని. చూసి వచ్చి పది మార్కుల జవాబుకి రెండు వేసి, మళ్లీ లేచేదాన్ని. ఎండ ఎక్కువైందేమో అని పళ్లేన్ని లోపలికి జరిపాను. నీడ ఎక్కువైందేమో అని బయటికి జరిపాను. "దాన్ని ఒకచోట ఉండనీ, లేకపోతే నువ్వైనా ఒకచోట ఉండు" అన్నాడు మా ఆయన.

నాలుగు మొక్కల్ని ఒక చిప్పలో పెట్టి కాలేజీకి కూడా పట్టుకెళ్లాను, పిల్లలకి చూపించడానికి. నేను క్లాసులో ఉండగా ప్రిన్సిపాల్ గారు ఒక ఆకు మీద ఉడికిన గుడ్డు ముక్క పెట్టి, అది ముడుచుకుంటుందేమో అని అటెండర్లందరినీ పిలిచి చూపించారట. మర్నాటికి ఆ ముక్క బూజు పట్టి, దాంతో పాటు మొక్కా కుళ్లింది.

"మీరేమైనా పెట్టారా సార్ దీనికి?"

"ప్రొటీన్ పెట్టాను మేడమ్. నాన్‌వెజ్ మొక్క అని మీరే కదా అన్నారు."

"దోమ తింటుంది సార్. మీ టిఫిన్ తినదు."

ఈ భాగం ఆయన చెప్పే కథలో ఎప్పుడూ ఉండదు.

పదిహేనులో తొమ్మిది పోయాక ఒక శుక్రవారం, అరకు సంతకి వెళ్తూ అప్ప మా ఇంటి ముందు ఆటో దిగింది. రాజ్‌మా మూట గట్టు మీద దించి, వరండాలో మంచినీళ్లడిగింది. తాగుతూ నా పళ్లెం వైపు చూసింది. చూపు మొక్కల మీద లేదు, పళ్లెం అంచు మీద ఉంది. అక్కడ నీళ్లు ఆరినచోట తెల్లటి వలయం కట్టి ఉంది. గోటితో గీకి నాలిక మీద పెట్టుకుంది.

"ఈ నీల్లేనేటి పోత్తన్నారు?"

"అవునప్పా. ఊట నీళ్లు. ఇంతకంటే మంచివి ఎక్కడున్నాయి?"

"మీ ఇంట్లో కందిపప్పు ఉడుకుద్దా మేడమ్మా?"

ఆ ప్రశ్నకి నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఉడకదు. నేను ఈ ఊళ్లో కాపురం పెట్టిన నాటి నుంచీ ఉడకదు. కుక్కర్లో ఎనిమిది కూతలు పెట్టించినా పప్పు బద్ద పప్పు బద్దగానే పళ్లెంలో పడుతుంది. మా ఆయన అన్నంలో కలుపుకుంటూ వాటిని లెక్కపెడతాడు. దాని గురించి నేను సంత వీధిలోని కిరాణా షావుకారుతో ఏళ్ల తరబడి యుద్ధం చేస్తున్నాను. ఆయన అనకాపల్లి వైపు నుంచి వచ్చి కొట్టు పెట్టుకున్న మనిషి. "పాత పప్పు అంటగడుతున్నారు. గిరిజనులూ టీచర్లూ అయితే ఏదైనా తింటారనా?" అని పదిమందిలో అడిగేశాను ఒకసారి. ఆయన చేతులు జోడించి "కొత్త పంటేనమ్మా, ఒట్టు" అన్నాడు. నేను నమ్మలేదు.

"ఉడకదు. పప్పు మంచిది కాదు" అన్నాను.

అప్ప నవ్వింది. నవ్వి, మోకాలి మీద చరుచుకుంది. "పప్పు కాదు మేడమ్మా, నీల్లు. ఆ కొండంతా సున్నమే కదేటి? గుహల్లో రాయి సూడనేదా, నీల్లు కారి కారి కొమ్ముల్లాగ దిగింది? మావోల్లెవరూ పైపు నీల్లతో పప్పొండరు. గెడ్డకెళ్లి, పారే నీల్లు తెచ్చుకుంటారు."

"నాకెవరూ చెప్పలేదే!"

"మీకెవరు సెప్తారు? సెప్తే ఇంటారేటి మీరు?"

ఆమె సంతకి వెళ్లిపోయింది. నేను వంటింట్లోకి వెళ్లి టీ కాచే గిన్నె తిరగేసి చూశాను. అడుగున తెల్లటి పెచ్చు. నెలకోసారి నిమ్మచెక్క పెట్టి తోముతాను దాన్ని. తోమేటప్పుడు ఒక్కసారైనా ఆలోచించానా? బోరా గుహలకి ప్రతి ఏడూ పిల్లల్ని తీసుకెళ్లి, సున్నపురాయి, నీటిలో కరుగుట, మరల పేరుకొనుట అని చెప్పేదాన్ని నేనే. అదే నీటిని సాయంత్రం ఇంటికొచ్చి, సున్నం గిట్టని, పులుపు నేల కోరే మొక్క పాదాల దగ్గర రెండు పూటలా పోసేదాన్నీ నేనే. నా మొక్కల్ని చంపింది ముద్దు కాదు. మీటింగులో లేచి వాదించిన నా నోరు.

ఆ సాయంత్రం షావుకారు కొట్టుకి క్షమాపణ చెబుదామని వెళ్లాను. చెప్పడానికి బదులు, అక్కర్లేకపోయినా ఒక కిలో కందిపప్పు ఎక్కువ కొన్నాను. ఆయన భయం భయంగానే తూచాడు.

మిగిలినవి ఆరు మొక్కలు, కోతలకి నెల. వానలు అయిపోయాయి. గెడ్డ నీళ్ల మీద నాకు ఇక నమ్మకం లేదు, అది ఏ కొండ కింద నుంచి వస్తుందో ఎవరికి తెలుసు. అప్పుడు మా రేకుల వరండా నన్ను ఆదుకుంది. చలికాలంలో ఇక్కడ మంచు ఎలా కురుస్తుందో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్లవారేసరికి రేకుల మీంచి చుక్కచుక్కగా కారుతుంది. ముందు రోజు నిచ్చెన వేసుకుని రేకులన్నీ తుడిచాను. చూరు కింద స్టీలు బేసిన్లు వరసగా పెట్టాను. పొద్దున్నే ఆరింటికి చూస్తే చెంబుకి కాస్త తక్కువ. చాలు. ఆవిరిలోంచి దిగిన నీళ్లు, ఏ రాయినీ తాకనివి. పాత మట్టంతా పారబోసి, గులక ఇసుకని కొన్నాళ్లు పోగుచేసిన ఆ నీళ్లతోనే నాలుగుసార్లు కడిగాను. పళ్లేన్ని వరండాలోంచి తీసి, రోజంతా ఎండ పడే పిట్టగోడ మీద పెట్టాను. ఎరువు లేదు, గుడ్డు లేదు, నీడ లేదు, పరామర్శ లేదు. దోమల్ని వాటి కర్మకి వదిలేశాను.

పది రోజులు ఏమీ జరగలేదు. ఆ పది రోజులూ నేను ఇంట్లో ఎవరితో సరిగ్గా మాట్లాడానో నాకు గుర్తులేదు. కాలేజీలో ప్రాక్టికల్స్ మధ్యలో కూడా మబ్బు పట్టిందేమో అని కిటికీ వైపే చూపు. పదకొండో రోజున నడిమి నుంచి ఒక కొత్త ఆకు విచ్చింది, దాని కొసల మీద బొట్లు. చుట్టూ ఎరుపు తిరిగింది. ఇంకో రెండు వారాలకి అగ్గిపుల్లంత కాడలు లేచాయి. తెల్లటి పూలు, చీమ తలకాయలంత. అవి పొద్దున పదింటికి విచ్చి, నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ముడుచుకుపోయేవి. పూసిన పువ్వుని చూడటానికి ఒక పూట సెలవు పెట్టాను. కారణం దగ్గర ఒంట్లో బాగాలేదని రాశాను. అబద్ధం కూడా కాదు.

గింజ కట్టింది. నల్లటి దుమ్ము, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేంత. తెల్ల కాగితం మీదకి దులిపి పొట్లం కట్టాను. ఆ తర్వాత మొక్కలు ఆరూ ఒకదాని తర్వాత ఒకటి నల్లబడి ఎండిపోయాయి. ఇక్కడ ఇది ఏడాది మొక్క, గింజ ఇచ్చాక దాని పని అయిపోతుంది, వరి లాగే. ఎండిన పళ్లేన్ని మా ఇంటికొచ్చిన ప్రిన్సిపాల్ గారు చూశారు. "అయ్యో, అవి కూడా పోయాయా మేడమ్?" అన్నారు. గింజ కట్టి పోయాయి సార్ అన్నాను. "పోనీలెండి, మీరు మాత్రం ఎంత చేశారు" అని ఓదార్చారు. ఆ కథ అలా పుట్టింది.

కోతలయ్యాయి, నూర్పులూ అయ్యాయి. జేసీబీ వచ్చే ముందు రోజు పొట్లం పట్టుకుని అప్ప దగ్గరికి వెళ్లాను.

"పెంచానప్పా. చూడు."

ఆమె పొట్లం విప్పి చూసింది. "ఇదేటి, ముక్కుపొడిలాగ? సరే, పెంచినారు. అయితే నా బూమి అక్కర్లేదు కదా."

ఈసారి జవాబు నా దగ్గరుంది. రెండు నెలలు నిద్రపోకుండా తయారుచేసుకున్న జవాబు. "పెంచాను కాబట్టే తెలిసింది. ఆరు మొక్కలకి నేను రేకులు తుడిచి, మంచు పట్టి, ఇసుక కడిగి, సెలవు పెట్టి చేసిన చాకిరీ అంతా నీ జాగా తనంతట తాను చేస్తోంది. వందల మొక్కలకి. జీతం లేకుండా."

అప్ప ఆ చెమ్మ నేలలోకి దిగి, కాలి బొటనవేలితో ఒక గీత గీసింది.

"అదైతే నిజమే" అంది. "రెండు మంచాల జాగా ఒగ్గేత్తాను. పైవారగా. మిగతాది నాకు గావాల. అడిగితే ఇంక ఊరుకోను."

నేను అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఆ రెండు మంచాల జాగా చుట్టూ వెదురు కంచె కట్టించాను, ఆవులు తొక్కకుండా. అప్ప మొహం చిట్లించింది. "ఆవులు రాపోతే గడ్డి లేచిపోద్ది మేడమ్మా. ఆటి కాలే కదేటి దాన్ని అణిసింది?" ఆ మాట నాకు వినపడింది. వినపడినా కంచె కట్టించాను. పొట్లంలో గింజలన్నీ కంచె లోపల చల్లాను. మర్నాడు యంత్రం వచ్చి, కింది జాగానంతా గీకి, వాలుని నిలువుగా కోసి, కార్లకి బయలు చేసింది. నేను చూడలేక కాలేజీకి వెళ్లిపోయాను.

ఈ ఏడు వానలు బాగానే పడ్డాయి. కంచె లోపల గడ్డి నడుము దాకా లేచింది. చేతులతో పాయలు తీసి గంటసేపు వెతికాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్క మొక్క లేదు. 'సెప్పినాను కదేటి' అని అప్ప అననందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

"ఇలా రండి" అని కిందికి తీసుకెళ్లింది.

యంత్రం కోసిన గట్టు. గడ్డి పోచ లేదు, ఎరువు మట్టి అంతా కొట్టుకుపోయింది, బోసి గులక, దాని మీంచి సన్నగా నీరు ఊరుతోంది. పొద్దున ఎండంతా దాని మీదే. ఆ గట్టు పొడవునా, మూరెడు ఎత్తు వరకూ, రూపాయి బిళ్లల్లాగా ఎర్రగా అతుక్కుని ఉన్నాయి. లెక్కపెట్టబోయి మానేశాను. పక్కనే విశాఖపట్నం నుంచి వచ్చిన కారు ఒకటి వెనక్కి తిప్పుతున్నారు. "ఆపండి, ఆపండి!" అని నేను పరుగెత్తాను. డ్రైవరు గాభరాగా దిగి, చక్రం కింద కుక్కపిల్ల ఉందేమో అని వెతికాడు.

ఇప్పుడు ఆదివారాలు నాకు ఆ పార్కింగులోనే గడుస్తున్నాయి. గట్టుకి గజం దూరంలో రాళ్లు పేర్పించాను. అప్ప ఆ రాళ్ల మీద కూర్చుని వచ్చినవాళ్లకి మొక్కల్ని చూపిస్తోంది. "దోమల్ని తింటాది బాబూ, ఏలు పెట్టకండి" అని భయపెడుతుంది కూడా. ఆమె నన్ను గెలిచాననుకోవడం లేదు. నేనే ఓడాననుకుంటున్నాను. నేను పోట్లాడి సంపాదించిన జాగాలో అవి ఊపిరాడక పోయాయి, ఆపాలని చూసిన యంత్రం గీకినచోట లేచాయి.

"ఇవి ఎక్కడివప్పా?" అని అడిగాను మొన్న.

"పాతయే అయ్యుంటాయి. మట్టిలో పడుకున్నాయి, మెషీను గీకితే లేచినాయి."

అయి ఉండొచ్చు. కానీ కంచె పైన ఉంది, గట్టు కింద ఉంది, నేను చల్లిన తర్వాతే వానలు పడ్డాయి, దుమ్ములాంటి గింజ నీళ్లతో కిందికి దిగకుండా ఉంటుందా? పాతవీ నావీ ఒకలాగే ఉంటాయి, చూసి చెప్పడానికి లేదు. స్టాఫ్‌రూంలో అడిగితే నవ్వుతారు. పుస్తకాల్లో ఈ గట్టు ఉండదు. తెలిసినవాళ్లెవరైనా ఉంటే నాకు చెప్పాలి: ఆ గట్టు మీద ఎర్రగా కూర్చున్నవాటిలో ఒక్కటైనా నా పళ్లెంలోంచి వచ్చిందా?